కోంక్: దుర్దూ లోయలో ఒక ఫ్రెంచి పల్లె

కోంక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ జిల్లాకు చెందిన చిన్న కొండపల్లె. పూర్వం ఈ ప్రాంతాన్ని రువేర్గ్ అనేవారు. ఇప్పుడు ఇది ఆక్సితానీ రాష్ట్రంలో భాగం. జిల్లా కేంద్రమైన రొడేజ్ పట్టణానికి ఉత్తరాన సుమారు 38 కిలోమీటర్ల దూరంలో, ఊష్ అనే వాగు దుర్దూ నదిలో కలిసేచోటికి పైన, ఎండ తగిలే వాలు మీద ఊరుంది. జనాభా మూడు వందల లోపే. అంత చిన్న ఊళ్ళో సుమారు 22 మీటర్ల ఎత్తున రాతికప్పు ఉన్న చర్చి, దాని ముఖద్వారం మీద మధ్యయుగపు గొప్ప శిల్పాల్లో ఒకటి, పక్కనే వెయ్యేళ్ళనాటి బంగారు విగ్రహం ఉన్నాయి. ఈ సంపద ఇక్కడికి ఎలా వచ్చిందన్నది చరిత్రకారులు వివరంగానే చెప్పగలిగారు. అది చెక్కుచెదరకుండా ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు మాత్రం రాజుల చరిత్రలో కన్నా ఈ లోయ నైసర్గిక స్వరూపంలోనే ఎక్కువ జవాబు దొరుకుతుంది.

నేల, నీరు, రాయి

దుర్దూ పెద్ద నదేమీ కాదు. కానీ దాని దారి వెంట నడిస్తే ఈ ప్రాంతపు భూగర్భశాస్త్రం మొత్తం కళ్ళబడుతుంది. ఎగువన బొజూల్ దగ్గర అది సున్నపురాతి పీఠభూమిని గుర్రపునాడా ఆకారంలో కోసుకుంటూ వెళ్ళింది. అక్కడి గొయ్యి లోతు వంద మీటర్ల దాకా ఉంటుంది. ఆ తర్వాత ఎర్ర ఇసుకరాతి నేలల్లోకి దిగుతుంది. మార్సియాక్ చుట్టుపక్కల మట్టి ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుంది, వాన పడితే ఆ ఎరుపు వాగుల్లో కలుస్తుంది. చివరికి షిస్టు రాతి కొండల మధ్య ఇరుకైన లోయలో దూరి, కోంక్ కింది నుంచి పారి, గ్రాన్-వాబ్ర్ దగ్గర లోట్ నదిలో కలుస్తుంది.

నది దాటి వచ్చిన ఈ మూడు రాళ్ళూ ఊరి కట్టడాల్లో ఉన్నాయి. ఇళ్ళకు, పైకప్పులకు దొరికిన చోటి షిస్టు. చర్చి గోడలకు దుర్దూ లోయ నుంచి ఎర్ర ఇసుకరాయి. మూలలకు, స్తంభశిరస్సులకు, ముఖద్వార శిల్పానికి పీఠభూమి మీది లునెల్ గనుల నుంచి తెచ్చిన పసుపుపచ్చని సున్నపురాయి. ఎక్కడ ఖర్చు పెట్టి రాయి మోయించారో, ఎక్కడ కాళ్ళ కిందిదే తవ్వి వాడుకున్నారో చర్చి గోడ ముందు నిలబడితే రంగులే చెబుతాయి.

సాగుకు పనికొచ్చే చదును నేల ఇక్కడ దాదాపు లేదు. వాలు మీద రాతి కట్టలు పోసి అంతస్తులుగా ద్రాక్ష వేశారు. మిగతా కొండంతా చెస్ట్‌నట్ చెట్లే. గోధుమ పండని ఈ కొండల్లో శతాబ్దాల పాటు పేదల తిండి ఆ కాయలే: పొగ పెట్టి ఎండబెట్టేందుకు తోటల్లోనే చిన్న రాతి కొట్టాలు ఉండేవి, ఎండిన కాయలతో చలికాలం గడిచిపోయేది. పంతొమ్మిదో శతాబ్ది చివర్లో ఫిలోక్సెరా పురుగు ద్రాక్షను తుడిచిపెట్టింది. ఎర్రనేలల మార్సియాక్‌లో తోటలు మళ్ళీ లేచి, 1990లో ఆ వైన్‌కు ప్రాంతీయ గుర్తింపు కూడా దక్కింది. కోంక్ వాలు మీది కట్టలు చాలావరకు అడవిలో కలిసిపోయాయి. జనం పొట్ట చేతపట్టుకుని దగ్గర్లోని దెకాజ్విల్ బొగ్గుగనులకు, ఇంకా దూరం పారిస్‌కు వెళ్ళిపోయారు. పారిస్ కెఫేలు నడిపినవాళ్ళలో అవేరోన్ వాళ్ళ సంఖ్య ఇప్పటికీ సామెతలా చెప్పుకునేంత పెద్దది.

దొంగిలించి తెచ్చిన అస్థికలు

ఎనిమిదో శతాబ్ది చివర్లో దాదోన్ అనే ఏకాంతవాసి ఈ లోయలో స్థిరపడ్డాడు. చుట్టూ శిష్యులు చేరారు. చక్రవర్తి షార్లమేన్ కొడుకు లూయీ 819లో ఇచ్చిన దానపత్రం నాటికి ఇది బెనెడిక్ట్ నియమావళిని పాటించే మఠం. కానీ ఇంత మారుమూల మఠానికి భవిష్యత్తు లేదని పాలకులకే అనిపించినట్టుంది. 838లో అక్విటేన్ రాజు పెపిన్, మెరుగైన నేల, మెరుగైన దారులు ఉన్న ఫిజాక్‌లో మరో మఠం పెట్టించాడు. దాన్ని కొత్త కోంక్‌గా చూడాలన్నది ఉద్దేశం. పాత కోంక్ సన్యాసులకు ఇది చావుబతుకుల సమస్య అయింది.

ఆ కాలంలో మఠం నిలబడాలంటే భక్తులు రావాలి, భక్తులు రావాలంటే పేరున్న పునీతుల అవశేషాలు ఉండాలి. కోంక్‌లో అలాంటివి లేవు. పశ్చిమాన అజాన్ నగరంలో ఉన్నాయి: మూడో శతాబ్ది అంతాననో, నాలుగో శతాబ్ది ఆరంభాననో రోమన్ అధికారుల చేతిలో ప్రాణాలు వదిలిందని చెప్పే ఫ్వా అనే పన్నెండేళ్ళ బాలిక అస్థికలు. మఠం కథనం ప్రకారం అరివిస్కస్ అనే సన్యాసి అజాన్ వెళ్ళి, అక్కడి గురువుల్లో ఒకడిగా మెలిగి, పదేళ్ళు ఓపిక పట్టి, సమాధికి కాపలాదారుగా నియమితుడయ్యాడు. ఆ తర్వాత ఒక రాత్రి అస్థికలు తీసుకుని పారిపోయి వచ్చాడు. ఇది 866 ప్రాంతపు మాట.

ఈ సంగతిని కోంక్ సన్యాసులు దాచలేదు, గొప్పగా రాసుకున్నారు. మధ్యయుగ ఐరోపాలో ఇలాంటి అపహరణలు చాలానే జరిగాయి, వాటికి ఒక సమర్థన కూడా ఉండేది: పునీతురాలికి ఇష్టం లేకపోతే ఆమె కదిలేదే కాదు. అజాన్ వాళ్ళు ఈ తర్కాన్ని ఎంత మెచ్చుకున్నారో ఊహించుకోవచ్చు. కోంక్‌కు మాత్రం అది జీవం పోసింది. ఇటువైపు మళ్ళిన జనం మళ్ళీ తగ్గడానికి మూడు నాలుగు శతాబ్దాలు పట్టింది.

పునీత ఫ్వా విగ్రహం

అస్థికల్లో కపాలాన్ని ఒక విగ్రహంలో భద్రపరిచారు. ఇప్పుడు మఠం నిధి ప్రదర్శనలో గాజు వెనుక కూర్చున్నది అదే. ఎత్తు 85 సెంటీమీటర్లు. లోపల చెక్క, పైన బంగారు రేకు. సింహాసనం మీద నిటారుగా కూర్చుని, చేతులు ముందుకు చాచి ఉంటుంది. తల మిగతా శరీరానికి పెద్దది, చూపు కాస్త పైకి ఉంటుంది. ఆ ముఖం విగ్రహం కన్నా చాలా పాతది. రోమన్ సామ్రాజ్యపు చివరి రోజులనాటి బంగారు శిరస్సు ఒకటి ఎలాగో దొరికితే దాన్ని ఈ బాలికకు అమర్చారు. ఏ సామ్రాట్టు ముఖమో అయి ఉండవచ్చునన్నది పండితుల మాట. ఒంటి నిండా భక్తులు సమర్పించిన రత్నాలు, చెక్కుడు రాళ్ళు, ముత్యాలు. వాటిలో అన్యదేవతల బొమ్మలు చెక్కిన పాత రోమన్ రాళ్ళు కూడా ఉన్నాయి. ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

విగ్రహం మీదే అభ్యంతరం చెప్పినవాడు ఒకడున్నాడు. ఉత్తరాన ఆంజే నగరంలో విద్యాలయం నడిపిన బెర్నార్, షార్త్ర్ బిషప్ ఫుల్బెర్ శిష్యుడు. 1013లో తొలిసారి ఇక్కడికి బయల్దేరాడు. దారిలో ఓవెర్న్ ప్రాంతంలో ఇలాంటి విగ్రహాల ముందు జనం సాగిలపడటం చూసి, జూపిటర్‌నో మార్స్‌నో కొలిచినట్టుందని వెటకారం చేశాడు. సిలువ మీది క్రీస్తుకు తప్ప మరెవరికీ విగ్రహం కూడదన్నది ఉత్తరాది పండితుడిగా అతని పట్టు. కోంక్‌లో కొన్నాళ్ళు గడిపి, జనం చెప్పిన అద్భుతాలు విని, అతను పూర్తిగా మారిపోయాడు. మళ్ళీ వచ్చాడు. పునీత ఫ్వా అద్భుతాలన్నీ లాటిన్‌లో గ్రంథస్థం చేశాడు. అతను రాసిన రెండు భాగాలకు తర్వాతి సన్యాసులు మరో రెండు చేర్చారు.

పదకొండో శతాబ్ది పల్లె జీవితం తెలుసుకోవాలంటే ఈ పుస్తకాన్ని మించినది ఈ ప్రాంతంలో లేదు. అందులో ముందు వచ్చేది గిబెర్ కథ: యజమాని అసూయతో కళ్ళు పెరికించాడు, ఏడాది తర్వాత చూపు తిరిగొచ్చింది. బెర్నార్ ఆ మనిషినే కలిసి మాట్లాడాడు. చచ్చిన కంచరగాడిదలు లేచి నిలబడిన కథలు ఉన్నాయి. బందీలు సంకెళ్ళు తెంచుకుని వచ్చి, వాటిని పునీతురాలి ముందు పడేసిన కథలైతే లెక్కలేనన్ని. గర్భాలయం చుట్టూ ఉన్న మధ్యయుగపు ఇనుప జాలీలు ఆ సంకెళ్ళు కరిగించి చేసినవేనని సంప్రదాయం. ఈ పునీతురాలు పిల్ల చేష్టలు కూడా చేస్తుంది. కలలో కనిపించి ఫలానా ఉంగరం, ఫలానా కంకణం నాకివ్వమని అడుగుతుంది, ఇవ్వకపోతే జ్వరం తెప్పిస్తుంది. తూలూజ్ ప్రభువు భార్య తన బంగారు కంకణాలు ఇచ్చుకోక తప్పలేదు. పోగుపడిన నిధి వెనుక ఆర్థిక వ్యవహారం ఎలా నడిచిందో ఇంత ముచ్చటగా చెప్పే ఆధారం మరొకటి దొరకడం కష్టం. భూముల తగాదాల్లో సన్యాసులు విగ్రహాన్ని గుడారంతో సహా ఊరేగిస్తూ తగాదా స్థలానికే తీసుకెళ్ళేవారు, ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గేవారు.

నిధిలో మిగతా వస్తువులు ఎక్కువగా 1087 నుంచి 1107 దాకా మఠాధిపతిగా ఉన్న బేగోన్ కాలానివి. లాటిన్ తొలి అక్షరం ఆకారంలో చేసిన బంగారు పూత పనితనం ఒకటుంది. షార్లమేన్ తన మఠాలకు తలా ఒక అక్షరం ఇచ్చి, మొదటిది కోంక్‌కే ఇచ్చాడని దానికొక కథ కట్టారు. వస్తువు మాత్రం ఆయన పోయిన మూడు శతాబ్దాలకు తయారైంది.

చర్చి, తీర్పు శిల్పం

యాత్రికుల తాకిడికి పాత చర్చి చాలలేదు. 1031 నుంచి 1065 దాకా మఠాధిపతిగా ఉన్న ఓదోల్రిక్ కొత్తది మొదలుపెట్టించాడు. పని పన్నెండో శతాబ్దిలోకి సాగింది. నేల ఇరుకు కాబట్టి పొడవు తగ్గి ఎత్తు పెరిగింది. కొండను కొంత తొలిచి, దిగువవైపు గోడ కట్టి నింపి, మధ్యలో చర్చిని నిలబెట్టారు. నిలువు హాలు పొట్టిది, అడ్డ బాహువులు వెడల్పు. జనం ఒక పక్క నడవా నుంచి వచ్చి, బలిపీఠం వెనుకగా తిరిగి, రెండో పక్క నుంచి బయటపడేలా ప్రదక్షిణ మార్గం ఉంది. తూలూజ్ చర్చిదీ, యాత్రాస్థలమైన కంపోస్తెలా చర్చిదీ ఇదే నమూనా. రెండువందలకు పైగా చెక్కుడు స్తంభశిరస్సులున్నాయి.

పడమటి ద్వారం మీద అర్ధచంద్రాకారపు ఫలకం దాదాపు ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. పన్నెండో శతాబ్ది తొలి దశాబ్దాల్లో చెక్కారు. 124 బొమ్మలు, విషయం అంతిమ తీర్పు. మధ్యలో క్రీస్తు, కుడిచేయి పైకి, ఎడమచేయి కిందికి. ఆయన కుడివైపు స్వర్గం: కమానుల కింద వరసగా, ప్రశాంతంగా, కొంచెం విసుగుపుట్టేంత పద్ధతిగా కూర్చున్నవాళ్ళు. ఎడమవైపు నరకంలో పద్ధతే లేదు, కాళ్ళూ చేతులూ కలగలిసిపోయి ఉంటాయి. శిల్పి మనసు ఎటు ఉందో చెప్పడం కష్టమేమీ కాదు.

దగ్గరికి వెళ్ళి చూడాలి. గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న గర్విష్ఠి సైనికుడు. మెడలో డబ్బు సంచితో ఉరికి వేలాడుతున్నవాడు. వలలో చిక్కిన బిషప్పు. చెక్కించినవాళ్ళు సన్యాసులని గుర్తుంచుకోవాలి. దొంగ నాణేలు కొట్టినవాడికి కరిగిన లోహం తాగిస్తున్నారు. అడవిలో దొంగచాటుగా వేటాడినవాణ్ణి ఊచకు గుచ్చి కాలుస్తున్న దయ్యాలలో ఒకటి కుందేలు తలతో ఉంది. త్రాసు దగ్గర మిఖాయేలు దేవదూత ఎదుట నిలబడ్డ దయ్యం ఎవరూ చూడటం లేదనుకుని తన పళ్ళెంపైన వేలు నొక్కుతోంది. సంతలో కూరగాయలు కొన్నవాళ్ళెవరైనా ఆ చేష్టను గుర్తుపడతారు. స్వర్గంవైపు, కింది మూలలో, చిన్న స్థలంలో పునీత ఫ్వా నేలమీద వంగి ఉంది, మేఘంలోంచి వచ్చిన దేవుని చేయి ఆమెను తాకుతోంది, వెనుక దూలానికి ఖైదీల సంకెళ్ళు వేలాడుతున్నాయి. సన్యాసులతో నడుస్తున్న షార్లమేన్‌ను ఒక మఠాధిపతి చేయిపట్టి తీసుకెళ్తున్నాడు. ఆ రాజుకు స్వర్గప్రవేశం కోంక్ సిఫార్సుతోనే దొరికిందని చెప్పడమే ఇక్కడి ఉద్దేశమని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం.

ఫలకం చుట్టూ కమాను అంచున పధ్నాలుగు తలలు అంచు వెనక నుంచి తొంగిచూస్తుంటాయి, చేతులతో అంచును పట్టుకుని మరీ. కళ్ళు పైకెత్తి వెతకందే అవి కనబడవు. చాలామంది యాత్రికులు వాటిని చూడకుండానే లోపలికి పోతారు. ఫలకం మీద రంగుల జాడలు ఇప్పటికీ మిగిలాయి, ముఖ్యంగా స్వర్గం వైపు నీలం, నరకం వైపు ఎరుపు.

క్షీణించడం, దాచుకోవడం

పన్నెండో శతాబ్ది తర్వాత మఠం వైభవం తగ్గింది. యాత్రలు పలచబడ్డాయి, ప్లేగు వచ్చింది, 1537లో సన్యాసుల స్థానంలో కానన్లు అనే మతగురువులు వచ్చారు. 1568లో ప్రొటెస్టంట్ దళాలు చర్చికి నిప్పుపెట్టాయి. డబ్బు లేదు కాబట్టి ఎవరూ చర్చిని కూలగొట్టి ఆ కాలపు ఫ్యాషన్ ప్రకారం కట్టలేదు. ధనవంతమైన ఊళ్ళలో బరోక్ అలంకరణల కింద పాత శిల్పం ఎంత పోయిందో చూసినవాళ్ళకు ఈ లేమి విలువ తెలుస్తుంది.

ఫ్రెంచి విప్లవకాలంలో చర్చిల బంగారం కరిగించి ఖజానాకు పంపమని ఆజ్ఞలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో గొప్ప గొప్ప నిధులు అప్పుడే కొలుముల పాలయ్యాయి. కోంక్‌లో అధికారులు వచ్చేలోపే ఊరివాళ్ళు వస్తువులన్నీ పంచుకుని తలో ఇంట్లో దాచారు. ఎండబెట్టే కొట్టాల్లో చెస్ట్‌నట్ కాయల కింద, తోటల్లో పాతిపెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. గండం గడిచాక తిరిగి తెచ్చి ఇచ్చేశారు. ఈ సంగతిని అతిగా కీర్తించే అవసరం లేదు, ఎందుకంటే అదే ఊరు ఆ తర్వాతి దశాబ్దాల్లో మఠం నడవాను రాళ్ళగనిగా వాడుకుంది. చెక్కిన స్తంభాలు ఇళ్ళ గోడల్లోకి పోయాయి. నడవాలో ఇప్పుడు మిగిలినవి కొన్ని కమానులు, సర్పెంటైన్ రాతి తొట్టి మాత్రమే.

1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి, రచయిత ప్రోస్పెర్ మెరిమే ఇక్కడికి వచ్చాడు. ఇలాంటి నిర్జన ప్రదేశంలో ఇంత సంపద ఉంటుందని అనుకోలేదని తన నివేదికలో రాశాడు. గోడలు కూలే స్థితిలో ఉన్నాయి. 1840లో ఫ్రాన్స్ ప్రకటించిన మొదటి రక్షిత కట్టడాల జాబితాలో కోంక్ చేరింది. నెమ్మదిగా మరమ్మతులు జరిగాయి. పడమటి గోపురాల పైభాగాలు పంతొమ్మిదో శతాబ్ది చివర్లో వాస్తుశిల్పి ఫోర్మిజే చేయించినవి. వాటిని చూసి ముచ్చటపడే యాత్రికులు చాలామంది అవి మధ్యయుగానివే అనుకుంటారు. 1873లో ప్రెమోంత్రే సభకు చెందిన సన్యాసులను తీసుకొచ్చి మఠాన్ని మళ్ళీ నిలిపారు, వాళ్ళు ఈనాటికీ ఉన్నారు. 1875లో బలిపీఠం వెనుక గోడలో ఎనామెల్ బిళ్ళలు పొదిగిన తోలు పెట్టె ఒకటి బయటపడింది, అందులో పునీత ఫ్వా అస్థికలు ఉన్నాయి. ఎప్పుడో భయకాలంలో దాచి మరిచిపోయినవి.

సూలాజ్ కిటికీలు

నల్లరంగుతోనే వెలుగు పుట్టించిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ 1919లో రొడేజ్‌లో పుట్టాడు. బడిపిల్లాడిగా కోంక్ చర్చి చూసినప్పుడే తాను కళాకారుణ్ణి కావాలని నిర్ణయించుకున్నానని ఆయన పలుమార్లు చెప్పాడు. 1986లో ప్రభుత్వం ఆయనకు కిటికీల పని అప్పగించింది. అంతకుముందున్న రంగుల గాజు తీసేసి ఆయన 104 కిటికీలు చేశాడు, పని 1994లో ముగిసింది. రంగులేని గాజు, బొమ్మలు లేవు, బయటి దృశ్యం కనపడదు. వెలుగు మాత్రం లోపలికి వస్తుంది. కావలసిన గాజు మార్కెట్‌లో దొరకక ఎన్నో ప్రయోగాలతో కొత్తది తయారుచేయించాడు. గాజు మధ్య సీసపు గీతలు ఏటవాలుగా, కొద్దిగా వంపుతో సాగుతాయి.

ఊళ్ళో కొందరు ఒప్పుకోలేదు. రంగుల కిటికీలకు అలవాటుపడ్డ కళ్ళకు ఇవి ఖాళీగా కనిపించాయి. ఇప్పుడు చూస్తే ఆ వాదనలో ఎవరు గెలిచారో గాజే చెబుతుంది: ఉదయం నీలిఛాయ, సాయంత్రం వెచ్చని తెలుపు, పైగా ఎర్ర ఇసుకరాయీ, పసుపు సున్నపురాయీ తమ రంగు తాము చూపించుకునే వీలు. సూలాజ్ 2022లో మరణించాడు. రొడేజ్‌లో ఆయన పేరిట మ్యూజియం 2014లో తెరుచుకుంది. కోంక్ వచ్చేవాళ్ళలో ఇప్పుడు చాలామంది అక్కణ్ణుంచే వస్తారు.

దారి, ఇళ్ళు

లె ప్వీ-ఆన్-వెలే నుంచి సాంటియాగో దె కంపోస్తెలాకు వెళ్ళే పాత కాలిబాట కోంక్ గుండా పోతుంది. లె ప్వీ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. ఓబ్రాక్ పీఠభూమి గాలుల్లో నడిచి వచ్చినవాళ్ళు చివర్లో నిటారుగా లోయలోకి దిగి ఊరు చేరుకుంటారు. మర్నాడు షార్లమేన్ వీధి గుండా కిందికి దిగి, దుర్దూ మీది పాత రాతివంతెన దాటి, ఎదుటి కొండ ఎక్కాలి. సగం దారిలో పునీత ఫ్వా పేరిట చిన్న గుడి, దాని పక్క ఊట. కళ్ళ జబ్బులకు ఆ నీరు మంచిదని పాత నమ్మకం. గంట కొట్టి ఊరికి వీడ్కోలు చెప్పడం నడిచేవాళ్ళ ఆనవాయితీ. ఫ్రాన్స్‌లోని కంపోస్తెలా దారులను 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు 71 కట్టడాలు, ఏడు దారి భాగాలు ఎంపికయ్యాయి. కోంక్ చర్చి, ఆ వంతెన రెండూ అందులో ఉన్నాయి.

అక్టోబర్ 6 పునీత ఫ్వా పండుగ. ఆ సమీపంలోని ఆదివారం ఊరేగింపు జరుగుతుంది. వేసవి రాత్రుల్లో ఒక సన్యాసి ద్వారం ముందు నిలబడి తీర్పు శిల్పం కథ చెబుతాడు, తర్వాత చర్చిలో ఆర్గన్ వినిపిస్తారు. కార్లు ఊరి వెలుపలే ఆగాలి.

వాలు మీద ఇళ్ళు ఒకదాని పైకప్పు మరోదాని గుమ్మానికి సమంగా ఉంటాయి. కిందింటి తలుపు ఒక వీధిలో, అదే ఇంటి పై అంతస్తు తలుపు వెనుక వీధిలో తెరుచుకుంటాయి. గోడలు రాయి, పై అంతస్తుల్లో చెక్క చట్రాల మధ్య రాతిముక్కలు, మట్టి నింపి సున్నం కొట్టారు. పైకప్పు షిస్టు పలకలు చేపపొలుసుల వరసలో పరుస్తారు, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయే కొద్దీ చిన్నవి. బరువు ఎక్కువ కాబట్టి దూలాలు లావుగా ఉండాలి, వాలు నిటారుగా ఉండాలి. పని తెలిసిన చేతులు కావాలి, ఆ చేతులు చవకగా దొరకవు. రక్షిత కట్టడాల పరిధిలో ఉన్నందున సిమెంటు పలకలు వేసుకుంటామంటే కుదరదు. చిన్న పింఛనుతో బతికే ఇంటి యజమానికి పైకప్పు మరమ్మతు ఖర్చు పెద్ద విషయమే. ఖరీదైన మరమ్మతుకు తట్టుకోలేక అమ్మేసిన ఇళ్ళు వేసవి ఇళ్ళుగా మారడం ఫ్రాన్స్‌లోని ఇలాంటి అందమైన ఊళ్ళన్నింటికీ ఉన్న బెంగ. కోంక్ కూడా దానికి మినహాయింపు కాదు.

2016 జనవరి 1న కోంక్ తన స్వతంత్ర పురపాలన వదులుకుంది. గ్రాన్-వాబ్ర్, నోయాక్, సెన్-సిప్రియాన్ పల్లెలతో కలిపి కోంక్-ఆన్-రువేర్గ్ అనే ఉమ్మడి పురపాలికగా ఏర్పడింది. నాలుగు ఊళ్ళూ కలిస్తే జనాభా సుమారు 1,600.